హాలక్క బొమ్మ

పదకొండో కుర్చీ దగ్గరే ఆమెకు ఆయాసం వచ్చేసింది. ఇదివరకు ఇరవై కుర్చీలు వేసినా వచ్చేది కాదు. కుర్చీ వీపు పట్టుకుని కాసేపు నిలబడింది. మింగిన ముద్ద ఏదో ఛాతీ మధ్యన అడ్డం పడినట్టుంటే, గ్యాస్ అనుకుంది. ఒంట్లో ఏం తేడా వచ్చినా గ్యాస్ అనుకోవడం ఆమెకు ఇరవయ్యేళ్ళ అలవాటు. నడుముకు దోపుకున్న తడి గుడ్డతో ముఖం తుడుచుకుని పన్నెండో కుర్చీ ఎత్తింది.

పేటలో పిల్లా పెద్దా అందరూ ఆమెను హాలక్క అనే పిలుస్తారు. రైలు పట్టాలకూ మురుగు కాలువకూ మధ్య ఇరుక్కున్న పేట అది. బస్సులు కూడా దాని మొదట్లోనే వెనక్కి తిరిగిపోతాయి. ఒకప్పటి సిమెంటు గోదామును హాలుగా మార్చి, పేటవాళ్ళందరికీ బొమ్మలూ పాటలూ నాటకాలూ నేర్పిస్తామని ఎవరో వచ్చిన రోజున తాళంచెవులూ చీపురూ బకెట్టూ ఈమె చేతికొచ్చాయి. అప్పటినుంచి ఆరేళ్ళుగా ఆ హాల్లో దుమ్ము అన్నది ఆమె అనుమతి లేకుండా వాలలేదు.

పేటకు ఉన్నవి రెండే వీధులు. పై వీధి మురుగు కింద వీధి గుమ్మాల్లోకి వస్తుందని రెండూ పదకొండేళ్ళుగా ఉప్పూ నిప్పుగా ఉన్నాయి. బొమ్మల తరగతి మొదలైన కొత్తలో పై వీధివాళ్ళు ముందు తలుపులోంచి, కింద వీధివాళ్ళు వెనక తలుపులోంచి వచ్చి, మధ్యన బండి పట్టేంత సందు వదిలి కూర్చునేవాళ్ళు. ఆ సందును తగ్గించింది డ్రాయింగ్ మేడమ్ అని అందరూ అనుకుంటారు. పాపం, మేడమ్ కూడా అలాగే అనుకుంటుంది. నిజానికి వారం వారం కుర్చీలను జానెడు చొప్పున దగ్గరకు జరుపుతూ వచ్చింది హాలక్క. పెద్ద ఆశయమేమీ లేదు. ఆ సందు తుడుస్తున్నప్పుడల్లా రెండువైపులా మూతివిరుపులు చూడలేక చేసిన పని. ఎవరూ కనిపెట్టలేదు. ఇప్పుడు అక్కడ నడిస్తే జనం మోకాళ్ళు తగులుతున్నాయి.

ఈ రోజు మాత్రం కుర్చీలన్నీ గుండ్రంగా వేయాలట. మధ్యన ఒకరిని కూర్చోబెట్టి అందరూ గీస్తారని మేడమ్ చెప్పింది.

పొద్దున్నే కూతురు ఫోన్ చేసింది. రాత్రంతా బస్సులో కూర్చుంటే గాని చేరలేని ఊళ్ళో కాపురం దానిది.

"అమ్మా, చంటిది ఫోటోలు చూసి అందరినీ గుర్తుపడుతోందే. అమ్మమ్మ ఏదీ అంటే మాత్రం, వస్తుందని రోజూ చెబుతానుగా, తలుపు చూపిస్తోంది. నీ ఫోటో ఒక్కటి పంపించవే."

"నా ఫోటో ఎక్కడిదే? గుర్తింపు కార్డు మీదొకటి ఉంది. అందులో దొరికిపోయిన దొంగలా ఉంటాను."

"నవ్వకు. నిజంగా అడుగుతున్నా."

ఆ మాట పొద్దుటినుంచీ ఆమె లోపల గుచ్చుకుంటూనే ఉంది. హాలు గోడమీద కార్యక్రమాల ఫోటోలు పదహారున్నాయి. తీసిన ప్రతిసారీ "అక్కా, కాస్త పక్కకు" అన్నవాళ్ళే. పదహారూ వెతికితే ఒకదాంట్లో తుడుపుకర్ర చివర కనిపిస్తుంది. ఆమె తల్లికి ఆ మాత్రం కూడా లేదు. తల్లి పోయేనాటికి ఈమెకు ఏడేళ్ళు. ఎంత ఆలోచించినా ముఖం గుర్తు రాదు, పనికి వెళ్తూ తనకు ముందు నడిచిన రెండు పగిలిన మడమలు తప్ప. తానూ మనవరాలికి ఒక తలుపుగానే మిగిలిపోతానేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

నాలుగింటికి జనం వచ్చారు. మధ్యన కూర్చోవలసిన పోస్టుమాన్ తాతకు జ్వరమని కబురొచ్చింది. మేడమ్ తల పట్టుకుని చుట్టూ చూసి, చివరికి బకెట్టు దగ్గరున్న హాలక్క ముందు ఆగింది.

"అక్కా, మీరు కూర్చుంటారా? ఒక్క గంట. కదలకుండా ఉంటే చాలు."

"నన్నా? గీయడానికి నాలో ఏముందమ్మా?" అంది గాని అప్పటికే చేతులు తుడుచుకుంటోంది. "అయ్యాక ఒకటి నాకిస్తారా? మా అమ్మాయికి పంపాలి."

"మీకు నచ్చింది ఏరుకోండి."

ఆ హాల్లో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఆరేళ్ళుగా ఎత్తి దించిన కుర్చీలే, కూర్చుంటే ఎలా ఉంటాయో ఇప్పుడే తెలిసింది. కాస్త గట్టిగానే ఉన్నాయనిపించింది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక, నడుముకున్న తడి గుడ్డ తీసి ఒళ్ళో పట్టుకుంది.

"ఇది తీసెయ్యనా?"

"ఉండనీ," అన్నాడు కింద వీధి దర్జీ. "అది లేకపోతే నువ్వని మాకెలా తెలుస్తుంది?"

అందరూ నవ్వారు. రెండు వీధుల నవ్వూ ఒక్కసారే వినిపించడం ఆమెకు కొత్తగా ఉంది.

"కదలకు అక్కా! కదిలావంటే ముక్కు పాడైపోద్ది," అంది ఎదురుగా కూర్చున్న కిరాణా కొట్టావిడ. ఆమెది పై వీధి.

ఇరవై ఆరుగురు ఆమెను చూస్తున్నారు. ఇంతమంది ఇంతసేపు ఆమె ముఖంలోకి చూడటం ఎన్నడూ లేదు. మొదట సిగ్గేసింది. తర్వాత అలసట కమ్ముకొచ్చింది, పొద్దున ఐదింటినుంచి నిలబడ్డ కాళ్ళది, అంతకుముందు యాభై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళది. పెన్సిళ్ళ గీకుడు తప్ప చప్పుడు లేదు.

ముద్ద మళ్ళీ అడ్డం పడింది. ఈసారి ఎడమ చెయ్యి లాగింది. నొప్పి దవడ దాకా పాకింది. మంచినీళ్ళు అడుగుదామనుకుంది. అడగాలంటే నోరు కదలాలి. కొట్టావిడ నాలుక పంటికింద పెట్టుకుని ఇంకా ముక్కు దగ్గరే ఉన్నట్టుంది. ఇంకాసేపే కదా అనుకుంది. ఏ పనీ సగంలో వదిలిన మనిషి కాదు. చంటిదానికి ఇక తలుపు చూపించే పని ఉండదన్న ఒక్క మాటే పట్టుకుని, గుడ్డను పిడికిట్లో బిగించి, కదలకుండా కూర్చుంది.

కొంతసేపటికి తల కొంచెం పక్కకు వాలింది.

"నిద్రపోయింది పాపం," అందెవరో.

"పడుకోనివ్వండి. పొద్దుటినుంచీ ఒక్కతే చేసుకుంటోంది," అంది కొట్టావిడ.

ఆ పేటలో ఒకరి కోసం ఒకరు గొంతు తగ్గించడం ఎవరూ ఎరగరు. ఆ పావుగంట మాత్రం రెండు వీధులూ ఆమె నిద్ర చెడకూడదని దగ్గు కూడా ఆపుకుని గీశాయి.

ముందు పెన్సిలు ఆపింది దర్జీ. నలభై ఏళ్ళు జనం భుజాలు కొలిచిన కన్ను అతనిది.

"మేడమ్, ఆ భుజం చూడండి. నిద్రలో భుజం అలా దిగదు."

మేడమ్ లేచి వెళ్ళి ఆమె చెయ్యి ముట్టుకుంది. ముట్టుకున్న చెయ్యి చాలాసేపు వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు కూతురు చంటిదాన్ని చంకనేసుకుని దిగింది. తల్లిని సాగనంపి వచ్చాక మేడమ్ ఆమెను హాల్లోకి తీసుకొచ్చి, ఇరవై ఆరు కాగితాలూ నేలమీద పరిచింది. "నచ్చింది ఏరుకోమని అక్కకు మాటిచ్చాను," అంది.

కూతురు ఒక్కొక్కటే చూసింది. ఒకదాంట్లో ముక్కు కుదిరింది, ఒకదాంట్లో కనుబొమలు. అన్నీ కలిపినా అమ్మ కావడం లేదు. కొన్నింట్లో కళ్ళు తెరిచి ఉన్నాయి. కొన్నింట్లో మూసి ఉన్నాయి. చుట్టూ నిలబడ్డవాళ్ళలో మూసి ఉన్నవాటిని గీసినవాళ్ళు తలెత్తలేకపోయారు.

దర్జీ కాగితం అన్నిటికన్నా చివర ఉంది. అతనికి ముఖాలు గీయడం రాదు. ఒళ్ళో రెండు చేతులూ, వాటి మధ్యన గుడ్డా గీసి వదిలేశాడు.

"అది వదిలెయ్యమ్మా," అన్నాడు. "అందులో ముఖం లేదు."

కూతురు ఆ కాగితం ఎత్తి, వంకర తిరిగిన చిటికెనవేలు చూసి, "ఇదిగో మా అమ్మ," అని భోరుమంది.

ఏడుపు తగ్గాక, "అమ్మమ్మ ఏదే?" అని అడిగింది. చంటిది అలవాటుగా తలుపు వైపే చూసింది. కూతురు దాని వేలు పట్టుకుని కాగితం మీద పెట్టింది.

ఆ సాయంత్రం హాలుకు తాళం వేయబోయి మేడమ్ ఆగిపోయింది. కుర్చీలు నిన్న వేసినవి వేసినట్టే గుండ్రంగా ఉన్నాయి. ఏవి ఎక్కడ పేర్చాలో ఎవరికీ తెలియదు, తెలిసినా ఎవరికీ చేతులు రాలేదు. మధ్య కుర్చీలో తుడుపు గుడ్డ పిడికిలి బిగించిన ముడతలతో అలాగే ఎండిపోయి ఉంది.