షహజాదీ కోసం ఒక విన్నపం

"షహజాదీ వచ్చాక నీ నడుంనొప్పి ఏమైందో చూశావా? దేవుడికి చేసింది ఊరికే పోదు మేరీ," అన్నాడు బాలశౌరి, వేడి గారె నోట్లో వేసుకుంటూ.

లూర్దుమేరికి ఒళ్ళు మండింది. పప్పు రుబ్బింది షహజాదీ, పొయ్యి దగ్గర మాడుతున్నది తను, పుణ్యం మాత్రం ఈయనకి! అక్టోబరంతా జపమాల మాసం. సౌదీలో, దమ్మామ్‌లోని తెలుగు కతోలిక కుటుంబాలు రోజుకొక ఇంట్లో చేరి, కిటికీలు బిగించుకుని, గొంతు తగ్గించి ప్రార్థన చేసుకుంటారు. ఇవాళ వంతు వీళ్ళది. వచ్చినవాళ్ళందరికీ పలహారం, టీ, ఆ తరవాత కొండంత అంట్లు. భక్తి మగవాళ్ళది, అంట్లు ఆడవాళ్ళవి.

షహజాదీది రాయచోటి. ఇంటిపనికని వచ్చి, దెబ్బలు తట్టుకోలేక బయటపడింది. పారిపోయిందని కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కేసు పెట్టాడు. బాలశౌరి జాలిపడి ఆమెని ఇంట్లో పెట్టుకున్న మాట నిజమే. అప్పుడు మొగుణ్ణి చూసి మేరి మురిసిపోయింది కూడా. కానీ ఆ జాలి మెల్లగా చీపురు పట్టింది, అంట్లు తోమింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది. జీతం మాటెత్తితే, "నీడ ఇచ్చాం, తిండి పెడుతున్నాం, ఇంకా జీతం కూడానా?" అన్నాడు. మేరి కూడా నడుం వాల్చి ఊరుకుంది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఈలోగా నితాఖత్ అని కొత్త కార్మిక చట్టం వచ్చిపడింది. కాగితాలు లేనివాళ్ళు గడువులోగా దేశం విడిచిపోతే కేసులుండవని సౌదీ ప్రభుత్వం చెప్పింది. మన ఎంబసీ వాళ్ళు ఊళ్ళోనే శిబిరం పెట్టారు. గడువు ఈ వారంతో సరి. ఆ తరవాత దొరికితే జైలే.

"నన్ను పంపిచ్చేయండక్కా," అని పొద్దున కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది షహజాదీ. "మా పాప పోన్లో నన్ను ఆంటీ అంటాంది. ఇంకొన్నాళ్ళు పోతే అదీ అనదు."

ఆ మాట చెబితే బాలశౌరి కొట్టిపారేశాడు. "ప్రభుత్వాల్ని నమ్ముకుంటే అంతే సంగతులు. ఎవరింట్లో ఉన్నావంటారు, మనల్ని కూడా లోపలేస్తారు. పేదల్ని చూసుకోవాల్సింది మనం, మన సంఘం. ఆఫీసులో గుమాస్తాకి ప్రేముంటుందా? ఫాదర్లు చెప్పేదీ అదేగా!"

అదొక్కటే చెప్పారా? గుంటూరు బడిలో సత్యోపదేశం చెప్పిన సిస్టరమ్మ, "న్యాయంగా ఇవ్వాల్సినదాన్ని దానమని ఇచ్చేవాడు రెండుసార్లు దొంగ," అనేది. ఇల్లు చేరడం షహజాదీ హక్కు. ప్రభుత్వం తలుపు తీస్తే, పుణ్యం పేరు చెప్పి అడ్డంగా నిలబడింది తామే. పోనీ తీసుకెళ్దామంటే ఈ దేశంలో ఆడది స్టీరింగు పట్టకూడదు. టాక్సీ ఎక్కితే దారిలో తనిఖీ భయం. కుటుంబమున్న కారైతే సాధారణంగా ఆపరు.

జపమాల మొదలైంది. అందులో ఒక్కో భాగానికి, అంటే ఒక్కో దేవరహస్యానికి ముందు ఒకరు తమ విన్నపం పైకి చెప్పాలి. ఇంటాయన జపం అందుకుంటే, అందరూ ఆ విన్నపం కోసమే ప్రార్థించాలి. కాదనడానికి లేదు. ముందుగా బాలశౌరి గొంతు సవరించుకుని, "మా ఇంట నీడ దొరికిన సోదరి మా దగ్గరే చల్లగా ఉండాలని," అన్నాడు. మెచ్చుకోలుగా తలలు ఊగాయి. గుమ్మం పక్కన టీ కప్పులు పట్టుకున్న షహజాదీ తల దించుకుంది.

తరవాతి వంతు మేరిది. పెళ్ళైన దగ్గర్నించీ ఆమె విన్నపం ఒకటే, ఆయన ఉద్యోగం చల్లగా ఉండాలని. భయమేసింది. అయినా నోరు తెరిచింది.

"రేపు షహజాదీని ఎంబసీ శిబిరానికి తీసుకెళ్తున్నాను. ఎవరింట్లో ఉందని అడిగితే మా ఇంట్లోనే అని చెబుతాను. జీతం లేకుండా చేయించుకున్నామనీ చెబుతాను. ఈ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కరి కారైనా మాకు తోడు రావాలని ప్రార్థించండి."

బాలశౌరి మొహం కందగడ్డ అయింది.

"మేరీ! ప్రార్థనలో ఏంటా మాటలు?"

"నా విన్నపం అయిపోయిందండీ, జపం మీరే అందుకోవాలి," అంది మేరి. "కారు రాకపోతే మేమిద్దరం నడిచే వెళ్తాం."