తొట్టిలో మిగిలిన మందు

తువ్వాళ్ళ గొడవ మూడో రోజుకు చేరింది. ఉతికినవి ఉతికినట్టే డ్రైయరులో తడిముద్దలా పడి ఉన్నాయి. దాని మీటకు ఆరిన్ ఒక బట్టల క్లిప్పు తగిలించాడు. ఆ క్లిప్పు ఉన్నంతసేపూ ఎవరూ డ్రైయరు వెయ్యకూడదని అర్థం. ఎనభై ఒకటో ఏట ఆయన ఇంట్లో చలాయిస్తున్న చట్టం అదొక్కటే కాబట్టి, కూతురు మార్లిస్ మొదటి రోజు నవ్వి ఊరుకుంది. రెండో రోజు గొణిగింది. ఈ పూట మాత్రం క్లిప్పు పీకి చేత్తో పట్టుకుని తండ్రి పక్కకు వచ్చి నిలబడింది.

"నాన్నా, తువ్వాళ్ళు కంపు కొడుతున్నాయి."

"ఇంకో పాతిక ఉన్నాయి," అన్నాడాయన తల ఎత్తకుండా. "నీ యంత్రం ఊగితే నా త్రాసు ఊగుతుంది."

"మూడు రోజుల్నించీ అదే పాతిక."

ఆయన ఊపిరి బిగబట్టి త్రాసు ముల్లునే చూస్తున్నాడు.

పొద్దున కాఫీ తాగుతూ ఆమె భర్త డేల్ కూడా ఓ మాట విసిరి వెళ్ళాడు. ఈ ఇంట్లో నేలఉడుతలకున్న మర్యాద తన వీపుకు లేదనీ, స్నానం చేసి స్నానాలగది తెరతో ఒళ్ళు తుడుచుకున్నాననీ. మామగారికి వినపడేలాగే అన్నాడు. ఆరిన్ వినపడనట్టు రొట్టెకు వెన్న రాసుకున్నాడు.

తప్పు కొంత మార్లిస్‌దే. కొట్టంలో చలికి ఆయన వేళ్ళు బిగుసుకుపోతున్నాయని నాలుగేళ్ళ క్రితం తూటాలు కూర్చే ఆయన బల్లను ఇంట్లోకి తెప్పించింది ఆమే. బురద బూట్లు విడిచే ఆ వెనక గదిలో వాషింగ్ మెషినూ, డ్రైయరూ, ఆయన బల్లా అప్పటినుంచి మూడూ సర్దుకుని కాపురం చేస్తున్నాయి.

కాల్చేసిన ఇత్తడి తొడుగులను ఆయన శుభ్రంగా తుడిచి, కొలతకు సాపు చేసి, అడుగున నిప్పు పుట్టించే కొత్త బిళ్ళ నొక్కుతాడు. తుపాకిమందు పోసిన తొట్టి పిడి తిప్పి కావలసినదానికంటే కాస్త తక్కువ మందును త్రాసు పళ్ళెంలోకి వదులుతాడు. తక్కినది చిటికెతో పలుకు పలుకుగా రాలుస్తాడు, ముల్లు గీత మీద నిలిచేదాకా. ఆ తర్వాతే మందు తొడుగులోకీ, దాని మీద గుండూ. దుకాణం తూటాలను ఆయన ఇంట్లోకి రానివ్వడు. మోంటానాలో వాళ్ళుండే ఆ తూర్పు మైదానంలో గాలి ఒక పూటైనా ఊరుకోదు. రెండు వందల గజాల అవతల బొరియ మీద లేచి నిలబడ్డ నేలఉడుత జానెడు ఉండదు. ఒక తూటాలో నాలుగు పలుకులు ఎక్కువై, ఇంకోదాంట్లో నాలుగు తక్కువైతే అది చావదు, నడుము విరిగి ఈడ్చుకుంటూ బొరియలో దూరుతుంది. చావాల్సిందే అయితే దానికి తుపాకి చప్పుడు కూడా వినపడకూడదని ఆయన పట్టుదల.

నిరుడు పశువుల మేతకు వేసిన లూసర్న్ చేలో అలాంటి బొరియలోనే కాలు పడి మార్లిస్ కూతురు ట్రూడీ గుర్రానికి ముంగాలు విరిగింది. దాన్ని ట్రూడీయే కాల్చాల్సి వచ్చింది. ఈ శనివారం ట్రూడీ ఆ చేలోకే నేలఉడుతల వేటకు వెళ్తోంది, తాత చేసిన తూటాలతో.

మార్లిస్ క్లిప్పును మళ్ళీ మీటకు తగిలించి, తువ్వాళ్ళు బుట్టలోకి లాక్కుని పెరట్లోకి నడిచింది.

మే నెల మొదలైనా గడ్డి ఇంకా చలికాలపు పసుపు వదల్లేదు. బట్టల తాడు రెండో గుంజ దగ్గర తువ్వాలు దులుపుతూ ఆమె ఆగిపోయింది. కాళ్ళ దగ్గర చాపంత మేర గడ్డి ముదురాకుపచ్చగా, మడమలు మునిగేంత ఎత్తున లేచి ఉంది. రూబార్బు పాదుకు అవతల ఇంకొకటి. మెట్ల పక్కన మూడోది. పేడ అనుకుందామంటే పశువులు ఇటు రావు. మూడింటి ఆకారమూ ఒకటే. మనిషి నిలబడి చెయ్యి ఒకసారి అటునుంచి ఇటు తిప్పితే పడే వంపు.

అలా చల్లేది ఏమిటో ఆమెకు తెలుసు.

ఆరిన్ బల్ల మీద ఎప్పుడూ ఒకటే మందు డబ్బా ఉండాలి. పని ముగించి లేచేలోపు తొట్టిలో మిగిలిన మందు అదే డబ్బాలోకి తిరిగి పోవాలి. మందులన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి, బూడిదరంగు రవ్వలా. కానీ ఒకటి నిదానంగా కాలితే ఇంకొకటి భగ్గుమంటుంది. నిదానం మందు తూకంలో వేగం మందు పోస్తే రైఫిలు పేల్చేవాడి మొహం మీదే పేలిపోవచ్చు. అందుకే ఏదో తెలియని మందును ఎవరూ దాచరు. గడ్డి మీద చల్లేస్తారు. గడ్డికి అది ఎరువు.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి అలా జరిగింది. ఆ సాయంత్రం ఆయన ఫోర్కు కింద పెట్టి, ఈ రోజు మందు పారబోశాను, తప్పు నాదే అని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. పని దగ్గర తప్పు చేసినవాళ్ళు భోజనాల దగ్గర చెప్పి తీరాలని నియమం పెట్టింది ఆయనే. అప్పట్లో మార్లిస్‌కూ ఒక పని ఉండేది. గుండ్లు కూర్చే ముందు, చిల్లుల చెక్కలో నిలబెట్టిన యాభై తొడుగుల్లోకీ దీపం పెట్టి చూసి మందు అన్నింట్లో సమానంగా ఉందని చెప్పడం. ఆమె సరేనన్నాకే ఆయన ముందుకు కదిలేవాడు.

ఈ వసంతంలో ఆయన భోజనాల దగ్గర వానల గురించి మాట్లాడాడు, దూడల గురించి మాట్లాడాడు. మందు మాట ఎత్తలేదు.

ఆమె తువ్వాళ్ళన్నీ ఆరేశాకే లోపలికి వచ్చింది. స్టూలు లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

"నాన్నా, పెరట్లో గడ్డి మూడు చోట్ల ఏపుగా ఉంది."

ఆయన చిటికెలో ఉన్న పలుకులను జాగ్రత్తగా పళ్ళెం అంచున రాల్చాడు.

"నాలుగు చోట్ల," అన్నాడు. "ఒకటి ఇంకా మొలవలేదు."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయింది.

"ఎవరో పిలుస్తారు, లేస్తాను. ఫోనో, దూడో. తిరిగొచ్చేసరికి తొట్టిలో ఉన్నది ఏదో గుర్తుండదు. డబ్బా ఎప్పుడు పై అరలో పెట్టేశానో కూడా గుర్తుండదు."

"చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ ఈ కుర్చీలో కూర్చోనిస్తారా?" ఆయన గొంతు పెంచలేదు. "అనుమానం వచ్చిందల్లా పారబోశాను, మార్లిస్. పలుకు కూడా తూటాలోకి పోనివ్వలేదు. అంతమాత్రం నాకు తెలుసు."

అది నిజమని ఆమెకూ తెలుసు. ఆయన పక్కన శనివారానికి సిద్ధమైన పెట్టె ఉంది. పూర్తయిన తూటాలు పాతిక, గుండ్లు పైకి పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. పెట్టె మూత మీద వంకరటింకర అక్షరాలతో ట్రూడీ పేరు రాసి ఉంది. ఇంకో మాట అనకుండా లేచిపోతే బాగుండునని మార్లిస్‌కు అనిపించింది. కానీ ఆ పేరు చూశాక లేవలేకపోయింది.

"అనుమానం వచ్చింది పారబోశావు, సరే," అంది మెల్లగా. "అనుమానం రానిదో?"

ఆరిన్ త్రాసు వైపు చూశాడు. ముల్లు గీత మీద సరిగ్గా నిలబడి ఉంది.  మార్లిస్ వంటింట్లోకి వెళ్ళి బంగాళాదుంపలు ముందేసుకుంది.

కాసేపటికి వెనక గదిలోంచి సుత్తి చప్పుడు మొదలైంది. తూటాను లోపల బిగించి గుండు ఊడదీసే ఆ బోలు సుత్తి నేలకు తగిలినప్పుడు మెత్తగా ధబ్ మంటుంది. తూటా ఒక్కింటికి రెండు మూడు దెబ్బలు. ఆమె దుంపల తొక్క తీస్తూనే లెక్కపెట్టింది. పన్నెండో తూటా దగ్గర చప్పుడు ఆగింది. ఆయన చేతులు నొప్పెట్టి ఉంటాయని తెలుసు, వెళ్ళబోయి మళ్ళీ కూర్చుంది. మళ్ళీ ధబ్, ధబ్. పాతిక అయ్యాక వెనక తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి చూస్తే ఆయన రూబార్బుకు దూరంగా, కంచె పక్కన నిలబడి చెయ్యి అటునుంచి ఇటు తిప్పుతున్నాడు. ఆరేసిన తువ్వాళ్ళు గాలికి ఆయన వీపు మీద కొడుతున్నాయి. తిరిగి వస్తూ వాటిని తీసుకొచ్చి వంటింటి కుర్చీలో పడేశాడు.

"ఇంకా చెమ్మగా ఉన్నాయి. డ్రైయరు వేసుకో," అన్నాడు. "త్రాసుకు మూత పెట్టేశాను."

రాత్రి భోజనానికి డేల్ తడి జుట్టుతో, భుజం మీద పొడి తువ్వాలుతో వచ్చి కూర్చున్నాడు. తువ్వాళ్ళ యుద్ధంలో ఎవరు గెలిచారని అడిగాడు. మాంసం పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. ట్రూడీ శనివారం గాలి ఎటునుంచి ఉండబోతోందో చెబుతోంది.

ఆరిన్ ఫోర్కు కింద పెట్టాడు. మార్లిస్ చేతిలో గిన్నె ఆగింది.

"ట్రూడీ, నీ పెట్టె ఖాళీ చేశాను," అన్నాడు. "ఈ వసంతంలో నాలుగుసార్లు మందు పారబోశాను. ఈ రోజుతో అయిదు. తప్పు నాదే. మీకు చెప్పకపోవడం ఇంకో తప్పు."

డేల్ తువ్వాలు భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ట్రూడీ తల్లి వైపు చూసింది, తాత వైపు చూసింది. శనివారం కాకపోతే వచ్చే శనివారం వెళ్తానంది.

"రేపట్నించి మందు మార్లిస్ పోస్తుంది," అన్నాడు ఆరిన్. ఆ సంగతి మార్లిస్ వినడం అదే మొదటిసారి. "డబ్బా దించేదీ, పైన పెట్టేదీ తనే. నేను దీపం పట్టుకుని తొడుగుల్లోకి చూస్తా. డ్రైయరు ఎప్పుడు వెయ్యాలో కూడా ఇక తనే చెబుతుంది."