వాగు అవతలి అడవి ఎవరిది

అటవీ కమిటీలోకి మ్లిన్‌ను తీసుకున్నది తెలివి చూసి కాదు, ఆమెకు సర్కారు భాష ఖ్మేర్ వచ్చు కాబట్టి. మొండుల్‌కిరి కొండల మీది ఆ బునాంగ్ తెగ ఊళ్ళో సంతలో బేరమాడేంత ఖ్మేర్ చాలామందికి వచ్చు. ఆఫీసరు ఎదుట నిలబడి తడబడకుండా మాట్లాడేది మాత్రం ఆమె ఒక్కతే. అడవి మీది, చూసుకోవాల్సింది మీరే, మీ మాట మీ నోటితోనే చెప్పండి అని పట్నం నుంచి వచ్చినవాళ్ళు మూడు రోజులు శిక్షణ ఇచ్చి, తలా ఒక టోపీ పెట్టి వెళ్ళారు. టోపీలు మాత్రం బాగానే ఉన్నాయి.

ఆ తర్వాత జిల్లా నుంచి వన్నరిత్ అనే ఆఫీసరు పెద్ద పటం పట్టుకొచ్చాడు. ఈ కొండ ఎవరిది, ఈ పోడు ఎవరిది అని ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఊరివాళ్ళు చెబుతున్నారు, మ్లిన్ ఖ్మేర్‌లో పెడుతోంది, ఊరిది అన్నప్పుడల్లా అతను ఆకుపచ్చ రంగు పూస్తున్నాడు. మధ్యాహ్నానికి వాగు అవతలి అడవి వంతు వచ్చింది.

ఊళ్ళో చనిపోయినవాళ్ళను పెట్టేది ఆ అడవిలోనే. మ్లిన్ తల్లి కూడా అక్కడే ఉంది. ఆమె పోయేనాటికి మ్లిన్‌కు ఆరేళ్ళు. పెంచింది పెద్దమ్మ యూన్. ఊరందరికీ పెద్దదిక్కు కాబట్టి ఆ అడవి సంగతి ఆవిడే చెప్పాలి.

యూన్ నోట్లోని చుట్ట తీసి, "అది మాది కాదు నాయనా, మనది," అంది.

బునాంగ్ మాటలో మేము వేరు, మనం వేరు. ఇల్లు మాది అనొచ్చు, పోడు మాది అనొచ్చు. పెద్దల అడవిని మాత్రం మాది అనకూడదు. అంటే అక్కడ పడుకున్నవాళ్ళనూ, ఆ చెట్లనూ, అక్కడి దేవతలనూ అవతలికి నెట్టి బతికున్నవాళ్ళే కాజేసినట్టు. ఖ్మేర్‌లో ఈ రెండింటికీ ఉన్నది ఒకటే మాట. ఉన్నదున్నట్టు చెబితే 'మాది కాదు, మాది' అని వస్తుంది. అంతమందిలో నవ్వులపాలు కావడం ఇష్టం లేక మ్లిన్, "మాది కాదట, అందరిదీ అట," అనేసింది.

వన్నరిత్ చేయి ఆగింది. "అందరిదీ అంటే? నాది కూడానా?"

మ్లిన్ అదే అడిగింది. యూన్‌కు ఆ ప్రశ్న తెగ నచ్చింది. "ఆ, నీది కూడా! ఇంటికొచ్చినవాణ్ణి కాదంటామా? పని తర్వాత, ముందు కూర్చుని తాగు," అని కల్లు జాడీలోని వెదురు గొట్టం అతని వైపు తిప్పింది.

వచ్చిన మనిషిని 'మన'లో కలుపుకోకపోతే అక్కడ తిట్టినట్టే. వన్నరిత్ తాగాడు, మూతి తుడుచుకున్నాడు, వాగు అవతలంతా తెల్లగా వదిలేసి 'ప్రభుత్వానిది' అని రాసుకున్నాడు. మ్లిన్‌కు ఖ్మేర్ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు.

ఎండలు ముదిరాక వాగు అవతల ఎర్ర మూతుల హద్దు కర్రలు దిగాయి. రబ్బరు తోట వేస్తారట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఇక్కడ జారింది మ్లిన్ నోరు, పోయేది ఊరి అడవి.

"మా అమ్మ ఏమంది, నువ్వక్కడ ఏం చెప్పావే?" అని యూన్ కొడుకు టూయ్ నిలదీశాడు. కమిటీకి పెద్ద అతనే.

"అందరిదీ అన్నాను అన్నా."

"వచ్చారుగా మరి అందరూ! ఆ టోపీ పెట్టుకుని ఎదురెళ్ళు."

మ్లిన్ జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. వన్నరిత్ చెడ్డవాడు కాదు, నీళ్ళు కూడా ఇచ్చాడు. "మీరు చెప్పిందే రాశాను తల్లీ. అభ్యంతరం చెప్పడానికి ఇంకా పన్నెండు రోజులు గడువుంది. కమిటీ మనిషి ఒకరు ఆ అడవి అంచున నిలబడి, ఊరివాళ్ళ ముందు ఇది మాది అని చెప్పాలి, ఫోనులో పట్టుకుంటాం. మీ భాషలోనే చెప్పాలి. మీ భాషకు విలువ ఇవ్వాలని కొత్తగా పెట్టిన రూలు."

"మనది అంటే కుదరదా?"

"ఆ తేడా ఏమిటో మా తర్జుమా ఆయన ఇప్పుడు చెప్పాడు. కుదరదు. నేను లేని మాట కావాలి."

కమిటీ కూర్చుంది. ఏడుగురిలో ఒకడి భార్యకు నెలలు నిండాయట. ఒకడికి మోకాలి నొప్పట. ఒక్క మాట అనడానికి మోకాలితో పనేమిటో ఆయనే చెప్పాలి. టూయ్ ఇంటి కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తప్పు నా నోటిది, నేనంటాను," అంది యూన్. కానీ ఆవిడ కమిటీలో లేదు. తన మాట చెల్లదని తెలిశాక మ్లిన్ చేయి పట్టుకుంది. "నువ్వు మాత్రం అనకే. ఆ మాట అన్నాక అక్కడ పడుకున్నవాళ్ళకు నువ్వు పరాయిదానివి. ఇంక వాగు దాటకూడదు. రేపు నువ్వు చచ్చినా అక్కడ పెట్టరు. మీ అమ్మ పక్కన నీకు చోటుండదు."

"అనకపోతే అమ్మ మీద రబ్బరు మొక్క నాటుతారు పెద్దమ్మా."

పదకొండో రోజున అడవి అంచున అందరూ చేరారు. మ్లిన్ నోరు తెరవగానే ఊరివాళ్ళు వీపు తిప్పి నిలబడ్డారు. చిన్నపిల్లల చెవులు తల్లులు మూశారు.

"ఇది మాది," అంది మ్లిన్.

ఫోను పట్టుకున్నతను తెర చూసుకుని, "గాలికి సరిగ్గా పడలేదమ్మా, ఇంకోసారి," అన్నాడు. ఆమె ఇంకోసారి అంది. ఈసారి గట్టిగా అంది.

హక్కు కాగితం రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా తూర్పు వాలును యంత్రాలు బోసి చేశాయి. మిగిలింది పటంలో పచ్చగా వచ్చింది. ఊరు జాడీలు తెరిచి పండగ చేసుకుంది. వెదురు గొట్టం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరిగింది గానీ, మ్లిన్‌ను ఎవరూ పిలవలేదు. వాళ్ళ అడవిని నిలబెట్టిందన్న కృతజ్ఞత వాళ్ళకు లేకపోలేదు. కృతజ్ఞతకన్నా భయం పెద్దది, అంతే.

వానల్లో యూన్ పోయింది. మ్లిన్ ఆవిడ తల దువ్వి ముడి వేసింది, ఆవిడ తాగే సొరబుర్రను నీళ్ళతో నింపింది. పోయినవాళ్ళకు దాహం వేయకుండా ఆ బుర్రను తల దగ్గర పెట్టాలి. జేగంటలు మోగుతుంటే ఊరంతా కదిలింది. అందరూ వాగు దాటుతున్నారు. మ్లిన్ కూడా నీళ్ళలో ఒక కాలు పెట్టింది.

పాడె మోస్తున్న టూయ్ వెనక్కి తిరిగాడు. కోపంగా లేడు. కోపమైతే ఆమె ఏదో ఒకటి అనేదే.

"మన పెద్దమ్మ అన్నా," అంది మ్లిన్.

"నువ్వు ఆగమ్మా. మేం చూసుకుంటాం."

మేం అన్నాడు. మ్లిన్ కాలు వెనక్కి తీసుకుంది. జేగంటల మోత చెట్లలో అణగిపోయేదాకా ఇవతలి గట్టునే నిలబడి ఏడ్చింది. చేతిలో నీళ్ళ బుర్ర ఇంకా నిండుగానే ఉంది. దాన్ని ఎవరి చేతికైనా ఇచ్చి పంపాలన్న సంగతి ఆమెకు తోచలేదు, వాళ్ళూ అడగలేదు.