రిజ్వాన్ గీసిన రోడ్డు

ఖమ్మంలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న రిజ్వాన్‌కు సొంతూరు అశ్వారావుపేటలో ఉన్న చుట్టాలకన్నా ఇంటర్నెట్‌లో ఉన్న చుట్టాలే ఎక్కువ. వాళ్లంతా కలిసి ఒక ఓపెన్ సోర్స్ మ్యాప్ తయారుచేస్తున్నారు. ఎవరి ఊరి దారులు వాళ్లు గీయవచ్చు, ఎవరి తప్పునైనా ఎవరైనా దిద్దవచ్చు. జీతం మాత్రం ఎవరికీ లేదు. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూస్తూ, హాస్టల్ మంచం దిగకుండానే రిజ్వాన్ తన ఊరి చుట్టుపక్కల దారులన్నీ గీసేశాడు. పోలండ్ నుంచి ఎవరో భలే గీశావని మెచ్చుకున్నారు. ఆ పూట మెస్‌లో చారు కూడా అతనికి రుచిగానే ఉంది.

అన్న సాబిర్‌కు దమ్మపేట సంబంధం కుదిరింది. పెళ్లినాడు అందరికన్నా ముందు వెళ్లే పెళ్లికొడుకు కారులో, డ్రైవర్ పక్క సీటు అడిగి మరీ తీసుకున్నాడు రిజ్వాన్. పెద్దరోడ్డున పోదామని తండ్రి రెహమాన్ అన్నా వినలేదు. పామాయిల్ తోటల్లోంచి అడ్డదారి ఉందని, మ్యాప్‌లో చక్కగా కనిపిస్తోందని చెప్పాడు. కనిపించకేం, గీసింది తనే. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

తోటలోకి కొంతదూరం వెళ్లేసరికి కారు ముందు చక్రాలు మెత్తగా దిగబడ్డాయి. గెలల ట్రాక్టర్ తోలుకుంటూ అటే వచ్చిన నాగరాజు, పెళ్లికొడుకు ముఖం మీద వేలాడే సెహ్రా పూలనూ కింది బురదనూ మార్చి మార్చి చూశాడు.

"గిది రోడ్డని ఎవరు చెప్పిన్రు? డ్రిప్పు పైపులు పూడ్చిన కాలువ గిది," అన్నాడు.

అందరూ రిజ్వాన్‌ను చూశారు. రిజ్వాన్ ఫోన్‌ను చూశాడు.

నిఖా వేళ మించిపోకూడదని సాబిర్ ట్రాక్టర్ ఎక్కాడు. షేర్వానీకంటిన మరకలను అత్తగారింటివాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. సొంత ఇంటివాళ్లు ఊరుకోలేదు. ఆనాటి నుంచి రిజ్వాన్ 'రోడ్డు సాబ్' అయ్యాడు.

హాస్టల్‌కు వెళ్లాక ఆ గీత చెరిపేసి, జరిగిందంతా మ్యాప్ మిత్రులకు రాశాడు. వెళ్లగొడతారనే అనుకున్నాడు. వాళ్లేమో ఒకరి తర్వాత ఒకరు తమ ఘనకార్యాలు బయటపెట్టారు. ఒకాయన నది లేనిచోట వంతెన కట్టాడట. మరొకామె రేకుల షెడ్డును చెరువు చేసిందట. చదువుతూ చదువుతూ రిజ్వాన్ పకపకా నవ్వేశాడు. ఇకమీదట కాలు పెట్టని దారి గీయకూడదనుకున్నాడు.

సెలవులకు ఇంటికొస్తే, కొత్త వదిన ఆఫియా ఈ మ్యాప్‌ను దిద్దడమెలాగని అడిగింది. ఆమెకు అకౌంట్ తెరిచిపెట్టి, మాస్టారులా గంభీరంగా పాఠం చెప్పాడు. మర్నాడు ఫోన్ చూస్తే, దమ్మపేటలో తను మొదట్లో గీసిన సందును ఎవరో దిద్దారు. ఆఫియా పుట్టింటి సందు అది. దాన్ని తను పక్కింటి గేదెల కొట్టంలోంచి గీశాడు.

నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. "భాభీ, నన్నడిగితే నేనే దిద్దేవాణ్ని గద."

"నిన్నడిగి బయల్దేరితే ఏమైతదో మీ అన్ననడుగు," అంది ఆఫియా, పెనం మీద రొట్టె తిప్పుతూ.

రిజ్వాన్ పీట లాక్కుని కూర్చుని, దమ్మపేటలో ఇంకేమేం తప్పులున్నాయో చెప్పమన్నాడు. రొట్టెలన్నీ అయ్యేదాకా ఆమె చెబుతూనే ఉంది.