లకుముకిపిట్ట వెనకాల

లకుముకిపిట్ట తోక పక్కనుంచి పోతున్న కరెంటు తీగను రెబెకా మెల్లగా చెరుపుతోంది. రాజోలులో బస్సులు ఆగే వీధిలో, మేడమీద ఫొటో స్టూడియో. పెళ్ళి ఫొటోలు లేని రోజుల్లో ఆమెకి పిట్టల పనే. స్టూడియో ఓనరు నాగసతీష్ గారు కాలవగట్లంట తిరిగి తీసుకొచ్చే ఫొటోల్లో పిట్టల వెనక గోనెసంచులు, ఫ్లెక్సీలు, స్తంభాలు ఉంటాయి. అవన్నీ తీసేసి, పక్కనున్న నీటిరంగు తెచ్చి అక్కడ పూయాలి. మౌస్ పట్టుకున్న చెయ్యి సాయంత్రానికి భుజం దాకా లాగుతుంది. నలభై దాటిన కళ్ళు ఊరికే నీరు పెట్టుకుంటాయి.

తర్వాతి ఫొటోలో పిట్ట వెనక హౌస్‌బోటు. దాని అంచున బకెట్టు పట్టుకుని ఒక మనిషి, మసకగా. చెరపబోయి ఆగింది. ఆ ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగి ఉంది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి విరిగి, సరిగ్గా అతకని చెయ్యి.

బన్నీ. ఆమె తమ్ముడు. తల్లి పోయాక తనే పెంచింది. ఏ ఉద్యోగమూ నిలవక, ఇంకా అక్క సంపాదన తినలేనని చెప్పి, పోయిన వరదలకు ముందు ఇల్లు వదిలి వెళ్ళాడు. ఫోన్ లేదు. నీళ్ళు తీశాక రేవులో ఎవరిదో శవం తేలిందంటే వెళ్ళి చూసింది. వాడు కాదు. అప్పటినుంచీ తెలియని నంబరు మోగితే చాలు, చేతిలో పని వదిలేసి ఎత్తేది.

కుర్చీలో పేపరు చదువుకుంటున్న నాగసతీష్ గారిని అడిగింది.

"ఇదెప్పుడు తీసేరండి?"

"నిన్న పొద్దున్నేనండి, దిండిలో. ఆ బోటూ, మనిషీ వద్దండి. పిట్టొక్కటే ఉండాలి."

"ఆయ్," అంది.

బోటును చెరిపింది. బకెట్టును చెరిపింది. తమ్ముణ్ణీ చెరిపింది. వాడు బతికే ఉన్నాడు. బొమ్మలో లేకపోతేనేం?

పని అప్పగించి ఆటో ఎక్కింది. దిండి రేవుకు చేరేసరికి బోటు టూరిస్టులతో కదిలిపోయింది. వెనకవైపు నిలబడి తాడు చుడుతున్న మనిషి వీపు కనిపించింది. పిలిస్తే వినపడే దూరం కాదు.

"ఆ తాడు చుట్టే అబ్బాయి బన్నీయేనాండి?" అని రేవులో టీ కాచే చిట్టెమ్మ గారిని అడిగింది.

"ఆయ్, వాడేనండి. రేపు పొద్దున్నకి వచ్చేస్తాడు. మీరేమవుతారండి?"

"అక్కనండి. అన్నం అదీ సరిగ్గా తింటున్నాడాండి?"

"శుభ్రంగా తింటాడండి. చేపల పులుసు కాస్తే మళ్ళీ అడిగి వేయించుకుంటాడు."

రెబెకా నవ్వింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు.

"అక్కొచ్చిందని చెప్పండి. రేపు పులుసు నేను తెస్తాను."

బోటు మలుపు తిరిగి కొబ్బరితోటల వెనక్కి పోయింది. రేవు కంచె మీద వాడు ఆరేసి మరిచిపోయిన చొక్కాని చిట్టెమ్మ గారు చూపించారు, రెబెకా ఎన్నడూ చూడని గళ్ళ చొక్కా, అంచునుంచి ఇంకా నీళ్ళు కారుతూ.