ఊపిరిసందు

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే నాయనమ్మ చేసే మొదటి పని పిట్టల ఊపిరి చూడటం. అరలో పేర్చిన చెక్కపెట్టెల మూతల మీద, ముత్యపు చిప్పను కోసి పొదిగిన పిట్టలుంటాయి. ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనీ ఆననట్టు పెడుతుంది. వెచ్చగా తగిలితే పక్కదానికి వెళ్తుంది. ఆ తర్వాతే రంపపు పొట్టు ఊడవటం, బంక కాచటం. కొనేవాళ్ళు కూడా మూతకి చెంప దగ్గరగా పెట్టి చూసుకునే బేరమాడతారు.

ఆ రోజు మనవరాలికి పరీక్ష. పనివాళ్ళ సంఘం అధికారి వచ్చి ముద్ర ఇస్తే సొంత గుర్తుతో పెట్టెలు చేసుకోవచ్చు. ఇవ్వకపోతే ఎంత పనిమంతురాలైనా జీవితాంతం ఇంకొకరి గుర్తు కింద చెయ్యాల్సిందే. ఆయన పరీక్ష ఒక్కటే. చిప్పకీ చెక్కకీ మధ్య తలవెంట్రుక దూరుస్తాడు. దూరిందా, ముద్ర లేనట్టే. ఈ కొట్టులో చేసిన ప్రతి పెట్టెకీ దూరుతుంది. నాయనమ్మ రెండుసార్లు అలాగే తప్పింది, అందుకు సిగ్గూ పడలేదు. మనవరాలు మాత్రం భయపడి, ముందురోజే సందంతా మైనంతో పూడ్చేసింది.

అధికారిది బట్టతల. అందుకని భార్య వెంట్రుకే పొట్లం కట్టి తెచ్చుకున్నాడు. అంచు చుట్టూ ప్రయత్నించాడు, ఎక్కడా దూరలేదు.

"భేష్," అని ముద్ర బయటికి తీశాడు.

మనవరాలు పిట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. నాయనమ్మ అది చూసింది. మనవరాలు సూది తీసుకుని మైనం గీకడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా ఇది? చేతికందినదాన్ని కాలదన్నుకుంటావా?" అన్నాడు అధికారి.

"ఊపిరాడక చస్తోందండీ. దీన్ని చంపుకుని నాకు ముద్రెందుకు?"

ఆఖరి మైనం పోగు ఊడగానే పిట్ట రొమ్ము పొంగింది. వంగి చూస్తున్న అధికారి కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. తుడుచుకున్నాడు. మళ్ళీ పట్టింది.

"ఊపిరి పీలుస్తోంది, నిజమే. కానీ సందు సందే కదమ్మా," అన్నాడు.

"వట్టి సందు కాదు బాబూ, ఊపిరిసందు," అంది నాయనమ్మ. "మా అత్తగారు నిండు నెలల్లో కడుపు అడ్డొచ్చి చూపానక, చిప్ప పొదిగే గుంట వెంట్రుకవాసి పెద్దగా తవ్వేసింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. వానలకి చెక్క ఉబ్బి అందరి చిప్పలూ ఊడిపడ్డాయి. ఆవిడ పిట్ట మాత్రం దర్జాగా ఊపిరి పీలుస్తూ కూర్చుంది. ఆ మాట అప్పుడు పుట్టింది."



"మా ఇంట్లో పెట్టెకి ఏటా వానాకాలం ముక్కలు ఊడతాయి," అన్నాడు అధికారి. "ఏటా నేనే అతికిస్తున్నాను."

సంఘం పుస్తకం తెరిచాడు. ఆ పుస్తకంలో లేనిది తప్పు, ఉన్నది పనితనం. రాసి, పైకి చదివాడు.

"ఊపిరిసందు: చెక్క ఉబ్బినా చిప్ప ఊడకుండా అంచున వదిలే వెంట్రుకవాసి చోటు. మొదట వదిలింది ఈ ఇంటి కోడలు. ముద్ర పోయినా సరేనని నిలబెట్టింది ఆమె మునిమనవరాలు."

నాయనమ్మ గర్వంతో నిటారుగా కూర్చుంది. వీధిలోకి వినబడేలా ఇంకోసారి చదవమంది. మళ్ళీ ఇంకోసారి చదివించింది. అప్పుడుగానీ మనవరాలి పెట్టె మీద ముద్ర కొట్టనివ్వలేదు.