చల్లటి తీసివేత గుర్తు

రోజూ పదింటికల్లా గీతలక్క కంప్యూటర్ ముందు కూర్చునేది. తెరల మీద కనిపించే అంకెలకూ గుర్తులకూ రూపం గీయడం ఆమె పని. ఆమె తీసివేత గుర్తు గీసే రోజున ఆఫీసులో అందరూ మంచినీళ్ల సీసాలు తెచ్చి ఆమె తెర వెనక పెట్టుకునేవారు. పావుగంటలో చల్లబడేవి. పక్క సీటు అమ్మాయి మాత్రం శాలువా కప్పుకుని, "అక్కా, ఇవాళ్టికి కూడికలు గీయరాదూ!" అని గొణిగేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కీబోర్డు మీద అంకెల వరస చివర పొట్టి గీత ఉంటుంది చూశారూ, అది హైఫన్. రెండు మాటలను జత చేయడం దాని పని. తీసివేత గుర్తు వేరు. కూడిక గుర్తులో అడ్డగీత ఎంత పొడవో అదీ అంతే. అంకె నడుముకు సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా, చలి ఉండేది రెండోదానికే.

కిందటి నెల ఆసుపత్రిలో మందులు దాచే ఫ్రీజర్ తెరకు అంకెలు గీస్తుంటే మేనేజరు, "చోటు చాలదమ్మా, హైఫన్‌తో సరిపెట్టెయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఆమె సరిపెట్టేసింది.

ఈ నెలలో ఒకరోజు పదకొండింటికి ఆమె ఆడపడుచు ఫోన్ చేసింది. ఆవిడ ఆ ఆసుపత్రిలోనే నర్సు.

"వదినా, ఫ్రీజర్ మోటారు ఆగిపోయింది! మైనస్ ఇరవై ఉండాల్సింది మైనస్ పన్నెండుకొచ్చేసింది. మైనస్ పదికొచ్చిందంటే మందు పాడైపోతుంది. ఉన్నది ఒక్కటే సీసా. ఆ మందు పడాల్సిన పసిదానికి ఏడవడానిక్కూడా ఓపిక లేదు. ఇంకోటి రావాలంటే నెల పడుతుంది!"

"మెకానిక్కో?"

"గంట పడుతుందిట!"

గీతలక్క ఫోన్ స్పీకర్లో పెట్టి, ఫ్రీజర్ తెరకు అసలు తీసివేత గుర్తు గీయడం మొదలెట్టింది. వేళ్లు కొంకర్లు పోతున్నా చెయ్యి ఆపలేదు. మేనేజరు పరుగున వచ్చాడు.

"పరీక్షించకుండా ఆసుపత్రి తెరకు పంపకూడదమ్మా! అయినా చోటేదీ?"

"అంకెల మధ్య ఖాళీ తగ్గించాను సార్. తిట్లు తర్వాత తిడుదురుగాని, ముందు మీ పాస్‌వర్డ్ కొట్టండి."

ఆయన రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి సరిగ్గా కొట్టాడు.

"పదకొండు, వదినా!"

తెర మీద ఆకుపచ్చ పట్టీ పాకుతోంది. నత్త నయం.

"మారింది! గీత పొడుగైంది! తెర మీద మంచు పడుతోంది వదినా... పన్నెండు... పద్నాలుగు... పద్దెనిమిది!"

పక్క సీటు అమ్మాయి శాలువా గాల్లోకి విసిరింది.

మెకానిక్కు తీరిగ్గా వచ్చి, చొక్కా చేత్తో తెర మీది మంచు తుడిచి, "మంచి గీతే వేశారే" అని, మోటారు బాగుచేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఐదింటికి మళ్లీ ఫోన్ మోగింది. ఆడపడుచు ఫోన్‌ను ఉయ్యాల దగ్గర పట్టుకున్నట్టుంది. ఆఫీసు గది దద్దరిల్లేలా పసిపిల్ల ఏడుపు వినబడింది.

మేనేజరు బల్ల మీదకు వంగి, ఫోన్‌కు నోరు ఆనించి అరిచాడు. "ఇంకా గట్టిగా తల్లీ! ఇంకా గట్టిగా!"